చీటీ మీద ఎర్ర మరక

పొద్దున్నే వరండాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. అత్తయ్య సుబ్బరావమ్మ, పక్కింటి సర్దార్‌బీ, నేను. రెండో బస్తా సగానికొచ్చింది. అప్పుడు మావయ్య శ్యామ్ సుందర్ గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెంటిలోనూ నేరస్థుడి గుండె చప్పుడు దూరం నుంచే వినగల చెవులు రెండే ఉన్నాయి. ఆ రెండూ నావే!"

"మొన్న కుక్కర్ ఎనిమిది విజిల్సు వేస్తే మరి వినపళ్లేదే అన్నయ్యా?" అంది సర్దార్‌బీ.

"కుక్కర్ నేరస్థుడు కాదు."

మావయ్య పత్తి జిన్నింగు మిల్లులో గుమస్తాగా రిటైరయ్యాక రెండు పదవులు సంపాదించాడు. ఒకటి ఊరి లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు. రెండోది డిటెక్టివ్. ఈ రెండోది తనకు తనే ఇచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో 'ఈ వారం చదవాల్సిన అయిదు కొత్త పుస్తకాలు' అని పెడతాడు. నవలైనా, బోరుబావుల మీద పుస్తకమైనా ఆయన మాటలు మూడే: అద్భుతం, అనివార్యం, ప్రతి ఇంటా ఉండాలి. వెనక అట్ట మీదున్న నాలుగు ముక్కలు చూసి రాస్తాడు. అట్ట చిరిగిపోయిన పుస్తకానికి ఆ వారం జాబితాలో చోటుండదు. టైపు చేసేది నేనే కాబట్టి నాకు తెలుసు.

రెండు నెలలుగా లైబ్రరీ పుస్తకాల్లో ఎవరో పేరు లేకుండా చీటీలు పెడుతున్నారు. 'మొదటి యాభై పేజీలు గతుకుల రోడ్డే, ఓర్చుకోండి. ఆ తర్వాత మీరు ఆగలేరు. అన్నం వార్చాకే మొదలెట్టండి' అని ఒక కొత్త నవలలో ఉంది. బోరుబావుల పుస్తకంలో 'బోరు వేయించే ముందు ఇంట్లో మగవాళ్ల చేత చదివించండి. చదవకపోతే మీరే పైకి చదవండి' అని ఉంది. ఊళ్లో ఆడవాళ్లు చీటీ చూసి పుస్తకం తీసుకెళ్లడం మొదలుపెట్టారు. గ్రూపులో మావయ్య జాబితా కింద దండాల బొమ్మలు తగ్గిపోయాయి.

"హంతకుడి ఆనవాలు!" అంటూ మావయ్య ఒక ప్లాస్టిక్ కవరు పైకెత్తాడు. అందులో చీటీ ముక్క. దాని మూలన ఎర్ర మరక. "రక్తం!"

"హత్య ఎవరిది మావయ్యా?"

"నాది. జరగబోతోంది. ఇందులో నా పేరుంది. 'శ్యామ్ సుందర్ గారు ఈ పుస్తకం వెనక అట్ట మాత్రమే చదివారు' అని రాశాడు దుర్మార్గుడు. ఇంత రహస్యం తెలిసినవాడు నన్ను బతకనిస్తాడా?"

"చీటీ సగమే ఉందేం?"

"సాక్ష్యాన్ని లాగేటప్పుడు చిరిగింది. రెండో సగం గాలికి పోయింది. పెద్ద కేసుల్లో ఇవన్నీ మామూలే." మావయ్య చూపుడువేలు ఎత్తాడు. "వాడు దొరికేదాకా లైబ్రరీ మూత. దొరికాక వాడి సభ్యత్వం శాశ్వతంగా రద్దు. లైబ్రేరియన్ యేసుపాదాన్ని తాళంచెవి తెచ్చిమ్మన్నాను."

"అయ్యో! నేను చదువుతున్న నవల్లో ఆ పిల్ల కేసు తీర్పుకొచ్చింది. రెండో భాగం లైబ్రరీలోనే ఉండిపోయింది" అంది సర్దార్‌బీ.

అత్తయ్య చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కాయ అందుకున్నాయి.

మావయ్య చీటీ బయటికి తీసి, మరకను వేలితో బాగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"కారం! అంటే నేరస్థుడి చేతికి కారం అంటుకుంది. వల బిగిసింది!"

"కాయల రోజుల్లో ఈ ఊళ్లో చేతికి కారం అంటనిదెవరికి మావయ్యా?"

"నాకు!" అన్నాడు గర్వంగా. అది నిజమే. ఆ గర్వంలోనే, తుమ్ములకు నీళ్లొచ్చిన కళ్లను అదే వేలితో తుడుచుకున్నాడు.

ఆయన పెట్టిన కేక వీధి చివర టీ కొట్టు దాకా వినిపించిందట. అత్తయ్య గబగబా సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, ఆయన్ని కుర్చీలో కూలేసి, కళ్ల మీద చెంబులతో నీళ్లు కొట్టింది. లైబ్రేరియన్ యేసుపాదం తాళంచెవితో మెట్లెక్కేసరికి మావయ్య తడి తువ్వాలు కప్పుకుని మూలుగుతున్నాడు.

"ఏమైంది సార్?"

"శత్రువు విషప్రయోగం చేశాడయ్యా. అయినా నా మెదడు ఆగదు. సాక్ష్యాన్ని మళ్లీ ఒకసారి వినాలి, ఎవరన్నా చదవండి."

నా చేతులు కారం. సర్దార్‌బీవీ అంతే.

"అయితే నువ్వే చదువు సుబ్బరావమ్మా. కూడబలుక్కుని చదివినా పర్లేదు."

అత్తయ్య చీటీ అందుకుంది.

"శ్యామ్ సుందర్ గారు ఈ పుస్తకం వెనక అట్ట మాత్రమే చదివారు. మీరు లోపల కూడా చదవండి. నూట ముప్పయ్యో పేజీలో ఆ తల్లి తలుపు గడియ తీసే చోట నేను చాలాసేపు ఏడ్చాను."

చివరికొచ్చేసరికి ఆమె చూపు చీటీ మీద లేదు.

సర్దార్‌బీ మెడ సాచి చూసింది. "వదినా, ఆ తల్లీ, గడియా ఎక్కడున్నాయే? చీటీ 'చదివారు' దగ్గరే చిరిగిపోయిందిగా!"

అన్నాక నాలిక్కరుచుకుంది. తువ్వాలు జారింది. మావయ్య ఒక కన్ను తెరుచుకుంది.

"నువ్వా? నీకు చదవడానికి తీరికెప్పుడు?"

"మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు" అంది అత్తయ్య.

మావయ్య లేచి నిలబడ్డాడు. "చూశావా యేసుపాదం! ఇంట్లో మనిషేనని నాకు మొదటినుంచీ అనుమానం. కేసు ఛేదించాను."

"తమరెక్కడ సార్, సర్దార్‌బీ గారు కదా..."

"పద్ధతి నాది." గొంతు తగ్గించి అత్తయ్య వైపు తిరిగాడు. "సర్లే, నీ సభ్యత్వం తియ్యను. లైబ్రరీ కూడా తెరిపిస్తాను. కాకపోతే ఇకనుంచి ఆ చీటీలు పుస్తకాల్లో పెట్టకు, నాకియ్యి. రమ్య టైపు చేస్తుంది, గ్రూపులో నా పేరు మీద పెడతాను. మొగుడూ పెళ్లాల్లో ఎవరి పేరైతే ఏముంది?"

"అట్టాగైతే వదిన పేరే పెట్టు అన్నయ్యా" అంది సర్దార్‌బీ.

"జనానికి అలవాటైన పేరు ఉండొద్దూ?"

అత్తయ్య చీటీని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. యేసుపాదానికి ఎదురుగా వెళ్లి చెయ్యి చాపింది. ఆయన మావయ్యను చూశాడు, అత్తయ్యను చూశాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"సుబ్బరావమ్మా! ఆదివారం జాబితాలో ఏ పుస్తకం మొదట పెట్టమంటావో చెప్పి వెళ్లవే!"

అత్తయ్య చెప్పులేసుకుని, మెట్లు దిగి లైబ్రరీ వైపు వెళ్లిపోయింది.