బుచ్చయ్య ఒప్పుకున్న పదకొండు తప్పులు

ఆ గురువారం పొద్దున ప్రసూన అనుకున్న పని పెద్దదేమీ కాదు. ఎనిమిదింటికి నీళ్ల మోటరు వేయాలి. ట్యాంకు నిండేలోపు బట్టలు పిండేయాలి. తొమ్మిదిన్నరకు రెండున్నరేళ్ల శ్రీవాణిని అంగన్‌వాడీకి తీసుకుపోయి తూకం వేయించాలి. పోయిన నెల పిల్ల నూటయాభై గ్రాములు తగ్గింది. ఆ నూటయాభై గ్రాములు ఎటు పోయాయో అని ప్రసూన నెలంతా పిల్ల బుగ్గలు తడిమి చూస్తూనే ఉంది.

మోటరు వేసింది, బట్టలు నానబెట్టింది. అంతలో శ్రీవాణి వచ్చి, ముక్కులో పల్లీ గింజ పెట్టుకున్నానని ఎంతో సంబరంగా చూపించింది. ప్రసూన పిల్లను చంకనేసుకుని, దవాఖానకు ఆటో దొరుకుతుందేమోనని గల్లీ చివరిదాకా పరుగెత్తింది. అక్కడ ఎండ మొహాన కొట్టేసరికి శ్రీవాణి గట్టిగా తుమ్మింది. గింజ బయటపడింది. తల్లి ఇంకా దేవుళ్లకు మొక్కుతుండగానే పిల్ల దాన్ని ఏరుకుని నోట్లో వేసుకుంది. ఎలాగూ బయటికి వచ్చాం కదా అని ప్రసూన అటునుంచి అటే అంగన్‌వాడీకి పోయింది. తూకంలో పిల్ల రెండు వందల గ్రాములు పెరిగింది. ఆ సంతోషంలో మోటరు అనేది ఒకటి లోకంలో ఉందన్న సంగతే ఆమెకు గుర్తు రాలేదు.

పదకొండింటికి తిరిగి వచ్చేసరికి ఇంటి మెట్ల మీదుగా ఎర్రటి నీళ్లు దిగుతున్నాయి.

డాబా మీద ఇంటామె బాలవ్వ పదిహేను కిలోల మిరపకాయలు ఎండబోసింది. ఏడాదికి సరిపడా కారం అది. జగదేవ్‌పూర్ రైతు దగ్గర ఏరి ఏరి కొని, రెండు రోజులు కూర్చుని తొడిమలు తీసింది. పొద్దున్నే భర్త భూమయ్యతో చంద్లాపూర్‌లో చుట్టాలింటికి పోయి, సరిగ్గా ప్రసూన వచ్చిన సమయానికే తానూ వచ్చింది. పైన ట్యాంకు ఇంకా పొంగుతూనే ఉంది. మిరపకాయలు డాబా మీద గుంపులు గుంపులుగా ఈదుతున్నాయి.

ప్రసూన మోటరు కట్టేసి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె ఈ ఇంట్లో దిగిన రోజే బాలవ్వ ఒకటే షరతు పెట్టింది. మోటరు వేసి మరిచేవాళ్లకు తన ఇంట్లో జాగ లేదు. ముందున్న కిరాయిదార్లు ఆ కారణంతోనే పోయారు. రెండేళ్లలో ప్రసూనకు ఇది నాలుగో ఇల్లు. దుబాయిలో ఉన్న భర్త రమేశ్ ఫోను చేసిన ప్రతిసారీ, గీ ఇల్లన్న నిలబడుతదా అనే అడుగుతాడు. అంగన్‌వాడీ పక్క గల్లీలోనే ఉంది. పిల్ల ఇప్పుడిప్పుడే ఒళ్లు చేస్తోంది. అయినా చెప్పేద్దామనే అనుకుని ఆమె నోరు తెరిచింది.

బాలవ్వ అప్పటికే తల పైకెత్తి చూస్తోంది.

"ఇంకెవలు? గా రేకుల గదాయనే."

డాబా మీది రేకుల గదిలో బుచ్చయ్య ఉంటాడు. నంగునూరు మనిషి. ముప్పై ఏళ్లు భీవండిలో మగ్గాల మీద పనిచేసి, భార్య పోయాక ఈ మధ్య శివరాత్రికి వచ్చి ఇక్కడ దిగాడు. భీవండిలో ఆయన నేర్చుకున్నది ఒకటుంది. పోగు తెగితే, తెంపింది ఎవరని సేటు అడుగుతాడు. కాదని వాదిస్తే సగం దినం పోతుంది. నేనే అంటే నాలుగు తిట్లతో తీరిపోయి మగ్గం మళ్లీ నడుస్తుంది. అందుకని ఏది అడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే జవాబు.

"బుచ్చయ్యా, నీళ్లన్ని గిట్ల పోనిచ్చింది నువ్వేనా?"

"నేనే అయ్యుంట, బాలవ్వా."

ప్రసూన తెరిచిన నోరు మూసుకుంది. ఆ క్షణాన తనకు హాయిగా అనిపించిన సంగతి ఆమె తరువాత కూడా ఎవరికీ చెప్పలేదు.

అక్కడితో ఆగిపోవలసింది. కానీ బాలవ్వ కొడుకు నాగేశ్ అప్పుడే గ్రంథాలయం నుంచి వచ్చాడు. అతను ఎస్సై పరీక్ష మూడుసార్లు రాసి, నాలుగోసారికి చదువుతున్నాడు. చట్టం సెక్షన్లన్నీ నోటికి వచ్చు, ఇన్నాళ్లూ వాటికి తగిన మనిషే దొరకలేదు. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, నోట్‌బుక్కు తీసి మొదటి నేరం రాసుకుని, గది సోదాకు పోయాడు. లోపల బుచ్చయ్య మంచం మీద దుప్పటి పరిచి సగం మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

"దొంగసొత్తు దొరికిందమ్మా," అన్నాడు నాగేశ్.

"తడుస్తున్నయని..." అని బుచ్చయ్య ఏదో చెప్పబోయాడు.

"అడిగిందానికే చెప్పాలె. తీస్కపోయినవా, లేదా?"

"తీస్కపోయిన."

రెండో నేరం కూడా పుస్తకంలోకి ఎక్కింది.

మనిషి ఇంత సులువుగా ఒప్పుకుంటాడని తెలిశాక, ఇంట్లో ఎన్నాళ్లుగానో తేలకుండా ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. మెట్ల దగ్గర పగిలిన బల్బు. విరిగిన బండి అద్దం. మామిడికాయ తొక్కు జాడీకి పోయిన మూత. పిల్లి తాగిన పాలు. ఇలాంటివే ఇంకో నాలుగు. అన్నింటికీ బుచ్చయ్య నేనే అయ్యుంట అన్నాడు. పిల్లి విషయంలో మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, తలుపు నేనే తీసుంట అని సర్దిచెప్పాడు. నాగేశ్‌కు ఇంత సంతృప్తి ఏ పరీక్షలోనూ కలగలేదు.

ప్రసూన తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానింది. అయినా తేదీలు చదవడం వచ్చు. భుజం మీద పిల్లను జోకొడుతూ నోట్‌బుక్కులోకి తొంగి చూసి, భయంభయంగా అడిగింది.

"బల్బు బతుకమ్మప్పుడు గదా పల్గింది. పెద్దనాయిన శివరాత్రికి గదా వచ్చిండు."

నాగేశ్ కాసేపు పెన్ను కొరికాడు. "అందుకే ఆయన్ను పాత నేరస్థుడంటరు," అని, ఆ మాట కూడా పక్కన రాసుకున్నాడు.

పదో నేరం రాశాక బాలవ్వ చెవి తడుముకుంది. బంగారు కమ్మల జతలో ఒకటి వారం రోజులుగా కనిపించడం లేదు. ఇంట్లో అంతా వెతికి, ఎవరినీ అనలేక ఊరుకుంది. ఇప్పుడు అనడానికి మనిషి ఉన్నాడు.

"కమ్మ గూడ నువ్వే తీసినవా?"

బుచ్చయ్యకు బహుశా ఆకలి అవుతోంది. చూపులో కొంచెం అలసట ఉంది.

"నేనే అయ్యుంట. ఇగ అన్నం తిననియ్యున్రి."

భూమయ్య ఎందుకో దగ్గాడు. నాగేశ్ ముఖం మాత్రం గంభీరంగా మారింది. బంగారం అంటే ఇక ఇంట్లో తేల్చుకునేది కాదని, వంద నంబరుకు కొడుతున్నానని చెప్పి ఫోను తీశాడు. బుచ్చయ్య పైకి పోయి చొక్కా మార్చుకుని, ఒక టవలు, బీపీ గోలీలు సంచిలో పెట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పోలీసులకు కూడా ఆయన అదే జవాబు చెబుతాడని ప్రసూనకు అర్థమైంది. ఆ ఒక్క మాటతో ముసలాయన జైలుకు పోతాడు. మోటరు సంగతి చెబితే ఆయన చేయనివీ ఒప్పుకుంటాడని తేలుతుంది, కానీ తన గది పోతుంది. శ్రీవాణి బుగ్గ మెడకు వెచ్చగా తగులుతోంది. మాట బయటికి వచ్చేసింది.

"అవ్వా, మోటరు మరిచింది నేను. పొద్దుగాల ఏసి, పిల్ల ముక్కుల పల్లి వెట్టుకుంటె ఉరికిన."

నాగేశ్ వేలు ఫోను మీదే ఆగిపోయింది. కేసులో నేరం ఇదివరకే ఒప్పుకోవడం జరిగింది కనుక, ఇప్పుడు ఇంకొకరు ఒప్పుకోవడం కుదరదని చెప్పి చూశాడు. కానీ భూమయ్య మళ్లీ దగ్గి, కమ్మకు సీల వదులైతే తానే బంగారం పనిచేసే అవుసులాయనకు ఇచ్చానని, తీసుకురావడం మరిచానని, బాలవ్వ అంత వెతుకుతుంటే చెప్పడానికి ధైర్యం చాలలేదని నేలను చూస్తూ చెప్పాడు. దాంతో బాలవ్వ కొడుకు వైపు తిరిగింది. బండి అద్దం సంగతి నాగేశ్ చిన్న గొంతుతో చెప్పాడు. బల్బు సంగతి ఇంకా చిన్న గొంతుతో చెప్పాడు. జాడీ మూత దగ్గరకు వచ్చేసరికి బాలవ్వే, ఇగ సాలు తియ్ అంది. పుస్తకంలో ఒక్కో గీతా కొట్టుకుంటూ వస్తే మిగిలినవి మోటరు, మిరపకాయలు రెండే.

ప్రసూన అప్పటికే మనసులో గిన్నెలు సర్దుకుంటోంది. ఐదో ఇల్లు ఎక్కడ దొరుకుతుందో, అక్కడ అంగన్‌వాడీ ఎంత దూరముంటుందో.

అప్పుడు బుచ్చయ్య, ఎవరూ అడగకుండానే, మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు.

"ట్యాంకి నిండి నీళ్లు వడుడు నేను జూసిన. సగం మిరపకాయలు లోపలికి గుంజిన. మిగిలినయి గుంజెటందుకు నడుము లెవ్వలె."

"మరి కిందికొచ్చి బంద్ జెయ్యద్దా?" అంది బాలవ్వ.

"స్విచ్చు ముట్టద్దంటివి గదా. పోయిన నెల బంద్ జేస్తె, ట్యాంకి నిండలేదని నన్నే తిడితివి."

ఇంటివాళ్ల ముఖాల్లో ఒక్కసారిగా వెలుగు వచ్చింది. బాలవ్వ ఊపిరి పీల్చుకుని, చూసిన్రా, నేను ముందే అనలేదా అంది. ప్రసూనకు ఇక భయం లేదని, పిల్లతల్లి మరిచిపోవడం సహజమేనని, చూస్తూ ఊరుకున్నవాడిదే తప్పని, గది ఖాళీ చేయాల్సింది ఆయనేనని తేల్చేసింది. ప్రసూన ఒప్పుకోలేదు. తప్పు తనదేనని, ఆయన్ను పంపేటట్టయితే తానూ ఇవాళే సామాను కట్టుకుంటానని అంది. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

బుచ్చయ్య సంచి భుజానికి తగిలించుకుని లేచాడు.

"పొమ్మంటె పోత బాలవ్వా. గని గిదొక్కటి మాత్రం నేను ఒప్పుకోను."

బాలవ్వ రేకుల గది వైపు చూసింది. ప్రసూన గది వైపు చూసింది. రెండూ ఖాళీ అయితే ఇంట్లో తప్పు మోపడానికి మిగిలేది ఎవరెవరో లెక్క పెట్టుకున్నట్టు భూమయ్యను చూసింది. భూమయ్య నాగేశ్‌ను చూశాడు. నాగేశ్ నోట్‌బుక్కు మూశాడు.

"ఎవలూ ఏడికీ పోవద్దు," అంది బాలవ్వ చివరికి. "లోపలికి రాన్రి, అన్నం తిందురు."

కిరాయిదార్లు ఉన్న ఇల్లు ఎందుకంత ప్రశాంతంగా ఉంటుందో భూమయ్యకు ఆ రోజు బాగా అర్థమైంది.