పరుపు కింద గ్రంథాలయం

ఆ రోజు పొద్దున్న చిత్రకారుడు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి మామగారు స్నానానికి వెళతారు. ఆయన నీళ్లు పోసుకునే పావుగంటలో పరుపెత్తి, కింద ఉన్న చిత్రాన్ని బయటికి తీయాలి. తొమ్మిదిన్నరకి ఫ్రేములతను వస్తాడు. పన్నెండింటికి అది కొత్త గ్రంథాలయం హాల్లో గోడకి ఎక్కుతుంది. సాయంత్రం బండికి మామగారు ఊరెళతారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియకూడదన్నదే ఆ పథకంలో ముఖ్యమైన భాగం.

నీటిరంగులతో బతికేవాడికి కాగితంతో ఎప్పుడూ పేచీయే. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే వంకర్లు పోతుంది. ఆరు వారాలు పాత గ్రంథాలయం ఎదుట కాలిబాట మీద మడతస్టూలు వేసుకుని, "ఆ కిటికీ అంత పెద్దది కాదండీ" అని దారినపోయే ప్రతివాడూ చెప్పే సలహా వింటూ వేసిన చిత్రమది. చివరి రోజు ఆకాశానికి కాస్త ధారాళంగా నీళ్లు పట్టించేసరికి కాగితమంతా అలలు తిరిగి, నూరేళ్ల భవనం స్తంభాలు పూటుగా తాగినట్టు తూలిపోయాయి.

దీనికి విరుగుడు ఉంది. కాగితం వెనకవైపు కొద్దిగా తడి అద్ది, రెండు చెక్కపలకల మధ్య పెట్టి, పైన మంచి బరువు మోపి మూడు రోజులు వదిలేయాలి. చిన్న బొమ్మలకైతే పుస్తకాలు పేర్చేవాడు. ఇంత పెద్ద కాగితానికి ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ పేర్చినా చాలలేదు. సరిగ్గా అప్పుడే మామగారు కూతుర్ని చూసి పోదామని వచ్చారు.

మామగారి బరువు తొంభై ఆరు కిలోలు. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు. ఆయన ముప్పై ఏళ్లు లారీలు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. లోకంలో ప్రతి వాహనం బరువునీ గొంతెత్తి చదివిన ఆ మనిషి, తన బరువు మాట వచ్చేసరికి లేచి అవతలి గదిలోకి వెళ్లిపోతారు. ఇక అల్లుడి మీద ఆయనకి ఎనిమిదేళ్లుగా ఒకటే అభిప్రాయం. వచ్చినప్పుడల్లా అడుగుతారు.

"ఏం పని చేస్తున్నారు అల్లుడుగారూ?"

"బొమ్మలు వేస్తున్నానండి."

"అది సరే. ఏం పని చేస్తున్నారు?"

అలాంటి మామగారి రెండు చేతులూ పట్టుకుని అల్లుడు, "మీరు ఇంకో మూడు రోజులు ఉండి తీరాలి మామయ్యగారూ. మా మంచం మీదే పడుకోవాలి. మేం హాల్లో సర్దుకుంటాం" అని బతిమాలాడు. భార్య కళ్లు చెమర్చాయి. మామగారు కూడా కాస్త మెత్తబడి, "ఇంతగా అడుగుతుంటే ఎలా కాదంటాను" అన్నారు. ఆ మెత్తబడటం చూసి అల్లుడి గుండెలో ముల్లు గుచ్చుకుంది. అంతలో వంకర తిరిగిన స్తంభాలు గుర్తొచ్చి ఆ ముల్లుని అలాగే మింగేశాడు.

ఎనిమిదయింది. ఎనిమిదింబావయింది. స్నానాలగది తలుపు చప్పుడు కాలేదు. వెళ్లి చూస్తే మామగారు మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు.

"నీళ్లు కాగాయి మామయ్యగారూ."

"లేవలేను. నడుం పట్టేసింది."

"నాలుగడుగులు వేస్తే అదే సర్దుకుంటుందండి. రండి, నేను పట్టుకుంటాను" అని ఆయన భుజాల కింద చేతులు పెట్టి లేపబోయాడు చిత్రకారుడు. మామగారు అంగుళం కదల్లేదు. మూడు రోజుల కిందట ఆయనలో ఏ గుణం చూసి మురిసిపోయాడో, ఆ గుణమే ఇప్పుడు ఎదురు తిరిగింది.

"పోనీ సోఫా మీదికి మారుద్దామా? అక్కడ గాలి బాగా వస్తుంది."

"గాలి ఇక్కడా వస్తుంది. ఆయన్ని కదపకండి" అంది భార్య. తర్వాత మొగుణ్ని గుమ్మం బయటికి పిలిచి, మెల్లగా చెప్పింది. "మీరు అంతలా కంగారుపడకండి. నాన్నంటే మీకింత ప్రేమని నాకిన్నాళ్లూ తెలియలేదు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. డాక్టరైతే ఎలాగో ఒకలా లేపి కూర్చోబెడతాడనే ఆశతో వీధి చివరికి పరుగెత్తి, అప్పుడే క్లినిక్ తలుపు తీస్తున్న డాక్టర్ని దాదాపు లాక్కొచ్చాడు. డాక్టరు మామగారి నడుం అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు.

"మూడు వారాలు పూర్తి విశ్రాంతి. మంచం మీద పడుకునే ఉండాలి."

"మూడు వారాలా!" అల్లుడి గొంతు కీచుమంది. "కనీసం ఓ పది నిమిషాలు... పన్నెండు లోపల..."

"పన్నెండుకి ఏముంది?"

"ఏమీ లేదండి."

"ఇంత మెత్తటి పరుపు పనికిరాదు. కింద గట్టి చెక్కపలక వేయించాలి. వడ్రంగిని పిలవండి" అంటూ డాక్టరు పరుపు అంచు పైకెత్తాడు. ఎత్తి అలాగే ఆగిపోయాడు. "ఇదేంటి, పలక ఉందే!"

అందరూ అల్లుడి వైపు చూశారు. అల్లుడు నేల వైపు చూశాడు.

"నొప్పి వచ్చాక పలక వేసేవాళ్లని చూశాను గానీ, రాకముందే వేసినవాణ్ని నా సర్వీసులో చూడలేదు" అన్నాడు డాక్టరు. "అల్లుడంటే ఇలా ఉండాలి. మూడు వారాలపాటు దీన్ని ఎవరూ ముట్టుకోకండి."

భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుని, తల్లికి ఫోను చేసింది. ఒకటికి రెండు కలిపి చెప్పింది. ఆ తర్వాత ఫోను మొగుడి చెవికి ఆనించింది.

"బాబూ, కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంతలా కనిపెట్టి చూడరు" అంది అత్తగారు.

"అయ్యో, అదేం లేదండి అత్తయ్యగారూ."

ఆ పొద్దుట్నుంచీ అతని నోట వచ్చిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని అందరూ వినయం అనుకున్నారు. అతనికి భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోవచ్చుననిపించింది. ఆ అదృష్టం లేక వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టుకొచ్చాడు. అది చూసి డాక్టరు, "టీ కూడా తనే పెడతాడా!" అని మళ్లీ మెచ్చుకున్నాడు.

తొమ్మిదిన్నరకి ఫ్రేములతను అద్దాల ఫ్రేము భుజాన వేసుకుని నేరుగా గదిలోకి వచ్చేశాడు. "ఏం సార్, గ్రంథాలయం ఇంకా బరువు కిందే ఉందా?" అన్నాడు గట్టిగా.

"ష్" అన్నాడు చిత్రకారుడు. "ఏ గ్రంథాలయం?" అంది భార్య. అప్పుడే ఫోను మోగింది. అవతల లైబ్రేరియన్.

"మేకు కొట్టించేశామండీ. పదకొండున్నరకల్లా తెచ్చేయండి. మీకు వీలు కాకపోతే చెప్పండి, ఎవరో ఇచ్చిన గోడగడియారం ఉంది, అది తగిలించేస్తాం."

చిత్రకారుడు గోడకి ఆనుకున్నాడు. ఎనిమిదేళ్లలో నలుగురూ వచ్చే చోట ఒక గోడ తన బొమ్మని అడగడం ఇదే మొదటిసారి. రేపట్నుంచి పాత భవనాన్ని కూలగొడతారు. మళ్లీ వేద్దామన్నా ఎదురుగా ఏమీ మిగలదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో చిత్రం ఉంది. కానీ ఆ చెయ్యి చాపాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే, ఈ ఇంట్లో మొట్టమొదటిసారి దొరికిన మంచి మాట పోతుంది. ఊరుకుంటే ఆ మాట దక్కుతుంది, కానీ అది దొంగసొత్తు. మంచం మీద కిక్కురుమనకుండా పడుకున్న పెద్దాయన్ని చూస్తే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"మామయ్యగారూ" అన్నాడు. "ఆ పలక మీ నడుం కోసం వేసింది కాదండి."

డాక్టరు నోటి దాకా వచ్చిన టీ గ్లాసు దించాడు.

"నా బొమ్మ కోసం. కాగితం వంకర్లు పోయింది. దాని మీద బరువు పెట్టాలి. పుస్తకాలు చాల్లేదు. మీరైతే..."

"నాన్నయితే?" అంది భార్య.

"...బాగుంటుందని."

"అందుకా మూడు రోజులు ఉండమన్నారు? మా నాన్నని బండరాయిలా వాడుకున్నారా?"

"బండరాయి కాదే. బండరాయి అంత సమంగా ఉండదు."

ఈ మాటతో పరిస్థితి బాగుపడలేదు. డాక్టరు టీ గ్లాసులోకి తదేకంగా చూడసాగాడు. ఫ్రేములతను ఫ్రేము వెనక నిలబడ్డాడు గానీ, అది ఖాళీ ఫ్రేము కావడంతో అందులోంచి అతని మొహం కనిపిస్తూనే ఉంది.

మామగారు పైకప్పు మీంచి చూపు తిప్పలేదు. "నాకు మొదటి రాత్రే తెలుసు" అన్నారు.

"తెలుసా?"

"పరుపు కింద గట్టిగా తగిలితే లేచి చూశాను. విషయం అర్థమై ఒళ్లు మండిపోయింది. సంచి కూడా సర్దుకున్నాను. సరే, ఇంత ఘనకార్యం ఏమిటో చూద్దామని పై పలక తీశాను. బొమ్మలో మెట్ల మీద ఎండ పడి ఉంది. వెచ్చగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. తర్వాత ఎక్కడిదక్కడ పెట్టేసి, సంచి విప్పి పడుకున్నాను."

"మరి నడుం ఎందుకు పట్టేసింది?" అన్నాడు డాక్టరు.

"లారీ కాటాకి సరిగ్గా మధ్యలో ఆగాలి. పక్కకి జరిగితే తూకం ఓ వైపుకి లాగేస్తుంది. అందుకని మూడు రాత్రులూ మంచం మధ్యలో పడుకున్నాను. పక్కకి తిరగలేదు."

నాలుగు తిట్టి ఉంటే అల్లుడికి ప్రాణం కుదుటపడేది. ఆయన తిట్టలేదు. అతను మంచం అంచున కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక ఎంతసేపు ఉండేవాడో గానీ, ఫ్రేములతను సందేహంగా దగ్గాడు.

"సార్, పలకలు రెండు కదా? పైది ఆయన కింద ఉంచేసి, కింది పలకా బొమ్మా లాగేస్తే అయిపోయేది. ఇదంతా చెప్పాల్సిన పనే లేదు."

చిత్రకారుడు చేతులు దించి అతని వైపు చూశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

"నేనూ పొద్దుట్నుంచీ అదే అనుకుంటున్నాను" అన్నారు మామగారు.

"మరి చెప్పలేదేం నాన్నా?"

"వాడు చెబుతాడేమోనని చూస్తున్నాను."

డాక్టరూ ఫ్రేములతనూ భార్యా కలిసి మామగారితో సహా పరుపుని, పై పలకని బెత్తెడు ఎత్తారు. ఫ్రేములతనికి రొప్పు వచ్చింది గానీ ఎవరూ ఏమీ అనలేదు. చిత్రకారుడు కింది పలకని బొమ్మతో సహా లాగాడు. స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి. ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంది.

పన్నెండుకి పది నిమిషాలుండగా చిత్రం గోడకెక్కింది. గడియారాన్ని ఎదుటి గోడకి తగిలించారు. లైబ్రేరియన్ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఒక్క ముడత లేదండీ! ఎలా సాధించారు?" అని అడిగాడు.

"మా మామగారి చలవ."

"ఆయనా చిత్రకారులేనా?"

"కాదండి. కాటా" అన్నాడు చిత్రకారుడు, చెవులు ఎర్రబడుతుండగా.

ఇంటికొచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి అడుగుపెట్టడానికి మొహం చెల్లలేదు.

"ముడతలున్నాయా?" అన్నారు మామగారు లోపల్నుంచి.

"లేవండి."

"ఎవరైనా అడిగితే తొంభై ఆరు అని చెప్పు. తగ్గించకు. సరే, ఇప్పుడేం బొమ్మ వేస్తున్నావు?"

"వంతెనండి. సగమైంది."

"పెద్దదేనా?"

ఆ తర్వాత మామగారు ఎప్పుడొచ్చినా, పడుకోబోయే ముందు పరుపు ఎత్తి చూసుకునేవారు. కింద ఏమీ లేకపోతే మర్నాడే ఊరెళ్లిపోయేవారు.