ట్యాంకుకు కాదు, వరహాలుకు మరమ్మతు

మంగళవారం పొద్దున్న పదిన్నరకి వరహాలు ఎడమ చెవిలోంచి ఒక ఆలోచన బయటికి దిగి, ఒళ్లు విరుచుకుని, అతనితోపాటు ఆలోచనల సవరణ కార్యాలయం వరుసలో నిలబడింది. ఆ ఊళ్లో అదేం వింత కాదు. తలలో పట్టనంత బలిసిన ఆలోచనని మూడు రోజుల్లోగా తీసుకొచ్చి, తూకం వేయించి, తగ్గించుకుని పోవాలని మున్సిపాలిటీ నిబంధన. ముందున్న పెద్దాయన ఆలోచన, ‘కోడలు నన్ను చూసి మూతి తిప్పింది’ అన్నది, మేకపిల్లంత ఉంది. వరహాలుది గేదెంత ఉంది.

వరహాలు ఆ మున్సిపాలిటీలోనే మంచినీళ్ల వాల్వులు తిప్పే ఉద్యోగి. గంజివీధి ట్యాంకు బీటలు వారింది. దాని కిందే అతని భార్య ఎర్నమ్మ ఇడ్లీ బండి. మొన్న ట్యాంకుకి ఒక పెచ్చు ఊడింది, వరహాలుకి భయం పెచ్చుమీరింది. ‘ట్యాంకు కూలి ఎర్నమ్మ మీద పడుతుంది’ అన్న ఆలోచన ఆ పూటనుంచే మేత మొదలుపెట్టింది.

సవరణాధికారి శర్వాణి గారు దాన్ని కాటా ఎక్కించారు. నమ్మకం, నూటికి తొంభై ఆరు.

“కూలుతుందని ముందే చెబుతున్నారు. జోస్యానికి లైసెన్సుందా?”

“లేదండి. బీటలో నా చెయ్యి దూరిపోతోందండి.”

“చెయ్యి దూరడం సంగతి. కూలడం మీ వ్యాఖ్యానం. మనిషిని బాధపెట్టేది సంగతి కాదు, వ్యాఖ్యానం. ట్యాంకు కట్టి ఎన్నేళ్లయింది?”

“ఇరవయ్యేడండి.”

“అన్నేళ్లలో ఎన్నిసార్లు కూలింది?”

వరహాలు నీళ్లు నమిలాడు. నీళ్ల శాఖ కనక అలవాటే.

కూలని రోజులన్నిటినీ బంట్రోతు ఒక్కొక్కటే రెండో తట్టలో వేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి తట్ట కిందికి దిగింది, గేదె కుక్కపిల్లయింది. మిగిలిన దానికి ఇంటిపని ఇచ్చారు. రోజూ పావుగంట ట్యాంకు కింద నిలబడాలి, పారిపోకూడదు.

నిలబడ్డాడు. మొదటిరోజు కాళ్లు వణికాయి, మూడోరోజు వేళ్లు వణికాయి, ఆరోరోజు వణకడానికి ఏమీ దొరకలేదు. కంటినిండా నిద్ర, కడుపునిండా తిండి. ఆలోచన చీమంతై తిరిగి చెవిలోకి దూరింది. ఆ నెలలో గంజివీధిలో అరవై రెండు ట్యాంకు ఆలోచనలు ఇలాగే నయమయ్యాయి. ఇంజనీరింగ్ విభాగం ట్యాంకు ఫైలు తెరిచి ‘సమస్య పరిష్కరించబడినది’ అని రాసి మూసింది.

ఆ నెలాఖరు శుక్రవారం ఎర్నమ్మ సాంబారు గిన్నెలోంచి అరచేయంత సిమెంటు పెచ్చు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

“ఏటయ్యా ఇది? ఉల్లిపాయా? మీ మేడంగారికి సూపించు, ఎల్లు!”

శర్వాణి గారు దాన్ని కాటా మీద పెట్టి చూశారు. “ఒక్క పెచ్చు చూసి ట్యాంకంతా అనుకోవడం తొందరపాటు.”

“ఎన్ని కావాలండి?”

“మొత్తం పడ్డాక తీసుకురండి. అప్పుడు మీ ఆలోచన నిజమని మేమే ధ్రువపత్రం ఇస్తాం.”

వరహాలుకి ఆ మాట న్యాయంగానే తోచింది.

ఎర్నమ్మ ఆ ధ్రువపత్రం కోసం ఆగలేదు. మర్నాడు బండిని వీధి చివర మందులషాపు పక్కకి తోసుకుపోయింది. పదకొండు గంటలకి సవరణ కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ‘తప్పించుకు తిరిగే ప్రవర్తన. భయాన్ని పెంచి పోషించుట.’ బండిని యథాస్థానంలో నిలపవలసిందిగా ఉద్యోగి వరహాలుకి ఆదేశం.

“నాకే ఆలోచనా రానేదయ్యా,” అంది ఎర్నమ్మ బండి కొయ్యని రెండు చేతులా పట్టుకుని. “నాకు పెచ్చే వచ్చింది.”

“అందరూ మొదట అలాగే అంటారే. నేనూ అన్నాను. ఇప్పుడు చూడు, ఎంత హాయిగా ఉన్నానో.”

“నువ్వు హాయిగానే ఉన్నావు. ట్యాంకు ఎలాగుంది?”

దానికి అతని దగ్గర ఏ ఆలోచనా లేదు. పెళ్లాం వేళ్లు ఒక్కొక్కటే మెత్తగా విడదీసి, బండిని ట్యాంకు కిందికి తోశాడు. అక్కడ నేల కొంచెం వాలు. చక్రం జారకుండా అడ్డం పెట్టడానికి రాయి కోసం చూశాడు. అప్పుడే పడ్డ పెచ్చొకటి, ఇంకా తడిగా, కాళ్ల దగ్గరే ఉంది. సరిగ్గా సరిపోయింది.