గొడుగు గొప్పదా, కుర్చీ గొప్పదా

డోర్నకల్ ప్రాచీన రాక్ సంగీత శ్రోతల సంఘం తన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు ఆల్బముల్లో ఏది గొప్పదో తేలేదాకా సభ్యులెవరూ వాటిని వినరాదు. వింటే మనసు ఏదో ఒకవైపు మొగ్గి చర్చకు భంగం కలుగుతుందని సంఘం భయం. ఈ ముందుచూపును మెచ్చుకోనివారు లేరు.

విషయం తెలియని అభాగ్యుల కోసం నాలుగు మాటలు. ఎప్పుడో విడిపోయిన ఒక ఇంగ్లీషు బృందం రెండు ఆల్బములు చేసింది. ఒకదాని అట్ట మీద గొడుగు బొమ్మ, రెండోదాని మీద కుర్చీ బొమ్మ. రైల్వే క్వార్టరు ఖాళీ చేస్తూ ఒక పాత డ్రైవరు ఆ రికార్డులు వదిలిపోయాడు. ఆనాటి నుంచి ఊళ్ళో గొడుగు వర్గం, కుర్చీ వర్గం వెలిశాయి. గొడుగుకు నాయకుడు సిగ్నల్ శాఖలో రిటైరైన బాబామియా. కుర్చీకి నాయకుడు గూడ్సు గార్డుగా రిటైరైన ప్రేమ్‌చంద్. ఇద్దరూ ప్రాణస్నేహితులు కాబట్టి రోజూ కలిసి తిట్టుకుంటారు.

బాబామియాది అచ్చమైన రైల్వే వాదన. "గొడుగు రెండేండ్లు ముందుగాల వచ్చింది. సీనియర్ ఉండంగ జూనియర్‌ను మీద ఎట్ల కూసోబెడ్తవన్నా? రూల్ ఒప్పుకుంటదా?"

"గది ఉత్త ప్రమోషన్ ముచ్చట, బాబాభాయ్. పరీక్ష పాసైనోడు సీనియర్‌ను దాటి పోతడు. కుర్చీ పాసైంది" అని ప్రేమ్‌చంద్ సమాధానం. సీనియారిటీ జాబితా లేకుండా ఇంగ్లండులో ఇన్నేళ్ళు సంగీతం ఎలా నడిచిందో సభకు అంతుపట్టలేదు.

జనగామ శాఖ గొడుగుకు జై కొట్టింది. భూపాలపల్లి బొగ్గుగని శాఖ కుర్చీకి కొట్టింది. "రెండూ మంచిగనే ఉన్నయి" అన్న తరిగొప్పుల శాఖను క్రమశిక్షణ చర్య కింద రద్దు చేశారు.

ఇంత పని ఒత్తిడిలో ప్రేమ్‌చంద్ బిడ్డ సౌందర్య పెళ్ళి వచ్చిపడింది. వాళ్ళ లంబాడీ తండాలో పెళ్ళంటే అసలు ఘట్టం సాగనంపే వేళ. పిల్ల ఒక్కొక్కరి మెడ కరుచుకుని, వాళ్ళు తనను ఎలా సాకారో పాట కట్టి ఏడుస్తూ పాడుతుంది. చివరి వంతు తండ్రిది. ఇప్పటి పిల్లలకు ఆ పాట రాదు. స్పీకర్లో ఏదో ఒకటి పెట్టి బండెక్కుతున్నారు. సౌందర్య మాత్రం చలికాలమంతా నాయనమ్మ తుల్సీబాయి పక్కన కూర్చుని నేర్చుకుంది.

"బాపు వంతొస్తే నాకు పాట ముందుకు సాగది దాదీ" అని ఆ పిల్ల అంటుంటే ప్రేమ్‌చంద్ తలుపు అవతల నిలబడి విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పాట వినడానికే ఇన్నాళ్ళు బతికానని నిజంగానే అనుకున్నాడు.

పెళ్ళికి సంఘం మొత్తం తరలివచ్చింది. వధూవరులను ఆశీర్వదించి, మటన్ తిని, టెంటు వెనక నీడకు చేరింది. అక్కడ బాబామియా కొత్త ఆధారం బయటపెట్టాడు. కుర్చీ ఆల్బములో డ్రమ్ములు వాయించినవాడు పర్మనెంటు కాదట, ఆ ఒక్క పనికే పిలిచిన మనిషట. ప్రేమ్‌చంద్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"టెంపరరోడైతే ఏంది? వాని చేతులు చేతులు కావా? సభికులారా, గిది యావత్తు కార్మికవర్గానికి అవమానం!"

ఉపన్యాసం ఊపందుకున్న వేళ తుల్సీబాయి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ప్రేమ్యా, నీ వంతొచ్చింది. లే."

"జర ఆగు యాడీ. గీ ఒక్క మాట తేల్చి వస్త."

ఆమె మళ్ళీ వచ్చింది. అప్పటికి ఆయన రికార్డు రెండోవైపు పాటల గొప్పతనం వివరిస్తున్నాడు. చూసి చూసి మగపెళ్ళివారు తొందరపెట్టారు. తండ్రికి పాడాల్సిన పాటను సౌందర్య, నాయనమ్మ మెడ పట్టుకునే పాడింది. వంటవాళ్ళు సైతం గరిటెలు వదిలేసి ఏడ్చారు.

చర్చలో గెలిచి ప్రేమ్‌చంద్ ముందుకొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. ఆయన ఆ దుమ్ములోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాబామియా పక్కన కూర్చుని, "నాదే తప్పన్నా" అంటూ తానూ ఏడ్చాడు. ఇందులో వేళాకోళం ఏమీ లేదు.

పాటను ఎవరో ఫోన్లో తీసి సంఘం గ్రూపులో పెట్టారు. వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. సౌందర్య పాట మేలా, నిరుడు కొడకండ్ల తండాలో ఇంకో పిల్ల పాడింది మేలా అన్నది అంశం. జనగామ శాఖ కొడకండ్లకే మొగ్గింది. ప్రేమ్‌చంద్ లేచి బల్ల గుద్ది, తన బిడ్డను మించి పాడినవాళ్ళు మూడు జిల్లాల్లో లేరని గర్జించాడు. వీడియో తెరవడానికి ఆయనకు ఇంకా ధైర్యం చాలలేదు.

అప్పుడే అత్తవారింటి నుంచి సౌందర్య ఫోన్ చేసింది.

"బాపూ, విన్నవా?"

"విన్న బిడ్డా. కొడకండ్ల పిల్లకన్న నువ్వే మంచిగ పాడినవ్. సభల గదే చెప్తున్న."



"నేను పోటీకి పాడలే బాపూ. ఆ పాటల నిన్ను పిలిచిన."

ఆ మాట చర్చనీయాంశంలో లేనందున సభ దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. చేతులెత్తి ఓటు వేయమని అధ్యక్షుడు కోరాడు. ప్రేమ్‌చంద్ ఫోన్ జేబులో పెట్టుకుని చెయ్యెత్తాడు.