ఆల్చిప్ప ఎక్కిన తాయారు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే నాకు మనసొప్పడం లేదు. ఆ దీవిలో అడవి పెద్దదేం కాదు. కోడి కూతకు బయల్దేరితే ఎండ ముదిరేలోపు దీవంతా చుట్టేసి బయల్దేరిన చోటికే వచ్చేయొచ్చు. చుట్టూ మహాసముద్రం. మధ్యలో చిన్న కొండ, కొబ్బరిచెట్లు, సీమపనసలు, మొగలి పొదలు. అయితేనేం, దేశం దేశమే. దానికో సభ ఉంది, సభకో గుమాస్తా ఉన్నాడు, నాలుగేళ్ళకోసారి ఎన్నికలున్నాయి.

పార్టీలు మాత్రం లేవు. ఆ సంగతి వాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో! "మాది పార్టీల్లేని దేశమండీ. గుణం చూసి ఓటేస్తాం" అనేవాళ్ళు. గుణం చూసి వేస్తే ప్రతివాళ్ళ ఓటూ వాళ్ళ మేనమామ కొడుక్కే ఎలా పడేదో నన్నడక్కండి.

సభలో నలుగురే సభ్యులు. ఒడ్డున పెద్ద మొగలి చెట్టు కింద కూర్చునేవాళ్ళు. దాని నీడ రెండు పాయలుగా పడేది. ఇద్దరు తూర్పు నీడలో కూర్చుంటే ఇద్దరు పడమటి నీడలో కూర్చునేవాళ్ళు. తూర్పు నీడవాళ్ళు పడమటి నీడవాళ్ళతో మాట్లాడేవాళ్ళు కాదు. అవి పార్టీలు కావు సుమండీ, నీడలు!

ఈసారి ఎన్నికల్లో పంది పుండరీకం ఏ వాగ్దానమూ చెయ్యలేదు. "నేను మీకు తెలుసుగా" అన్నాడు, అంతే. పన్నెండేళ్ళుగా దీవికి పెద్ద ఆయనే. అతని తోడు కోడిపుంజు కుక్కుటేశ్వర్రావు, తాను గెలిస్తే రోజూ సూర్యుణ్ణి రప్పిస్తానన్నాడు. గెలిచాక ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, పాపం. కొబ్బరిపీత గాంగేయులు పుండరీకాన్ని దింపుతానన్నాడు. దింపాక ఏం చేస్తావని అడిగితే, "ముందు దింపనివ్వండి" అన్నాడు.

నాలుగో సభ్యురాలు తాయారు. బాతు. కొత్తమనిషి. ఆవిడకి రాజకీయమంటే తెలీదు. ఆవిడకి తెలిసిందల్లా పల్లంలో ఉన్న మంచినీళ్ళ గుంట.

దీవి మొత్తానికి తియ్యటి నీళ్ళున్నది ఆ గుంటలోనే. దానికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బ రెండేళ్ళుగా కొట్టుకుపోతోంది. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు గుంట అంచును తాకి కాస్త లోపలికి ఊరుతున్నాయి. పెద్దవాళ్ళు ముక్కు మూసుకుని ఆ నీళ్ళే తాగేస్తున్నారు. బాతుపిల్లలకి అలా కుదరదు. ఉప్పునీళ్ళు పడితే పసికూనలు బతకవు. తాయారుకి ఏడు పిల్లలు. అందుకే ఇంటింటికీ తిరిగి ఒకే మాట చెప్పింది: "నన్ను గెలిపిస్తే గుంటకి గట్టు కట్టిస్తాను."

ఆ గట్టేదో తనే కట్టుకోవచ్చుగా అంటారేమో. కట్టుకోబోయింది. ముక్కుతో నాలుగు రాళ్ళు లాగి పేర్చేసరికి సభ గుమాస్తా, బల్లి శకునాచారి, పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! సభ తీర్మానం లేకుండా ఒడ్డున రాయి కదపకూడదు. నేరం" అని నాలుగు రాళ్ళూ తీయించి ఎక్కడివక్కడ పెట్టించాడు. ఎక్కడివక్కడ పెట్టారా లేదా అని రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళాడు.

అలా తాయారు సభకొచ్చింది. గుంట పడమటి వైపుంది గనక పడమటి నీడలో గాంగేయులు పక్కన కూర్చుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అక్కడ పడింది పీటముడి.

ఆ సభకో పద్ధతుంది. ముందు నలుగురిలో ఒకళ్ళు చెట్టు మొదట్లో ఉన్న పెద్ద ఆల్చిప్పలో కూర్చోవాలి. వాళ్ళు సభాధ్యక్షులు. వాళ్ళు కూర్చుంటేనే సభ మొదలవుతుంది, ఆ తర్వాతే దీవి పెద్దను ఎన్నుకుంటారు. దీవిలో ఆల్చిప్పను మించిన గౌరవం లేదు. అంత గౌరవం ఇచ్చారు గనక, అందులో కూర్చున్నవాళ్ళకి ఓటు తీసేశారు.

ఇప్పుడు అర్థమైందిగా? ఏ నీడవాళ్ళు ఆల్చిప్ప ఎక్కితే ఆ నీడ ఓడిపోతుంది.

మొదటిరోజు పుండరీకం లేచి చేతులు జోడించాడు. "గాంగేయులు బావగారూ! మీలాంటి పెద్దలు ఉండగా ఆల్చిప్ప ఖాళీగా ఉండటం నేను చూడలేకపోతున్నాను."

"ఎంతమాట పుండరీకం బావగారూ! మీ ముందు నేనెంత? మీరు కూర్చుంటే కళ్ళారా చూసుకుంటాం."

"నా ఒంటికి ఆ చిప్ప పట్టదండీ. మీకైతే కొలిచి చేసినట్టుంటుంది."

"నాకసలే నడుంనొప్పి. కుక్కుటేశ్వర్రావు గారైతే ఠీవిగా ఉంటారు."

"ఆయన కూర్చోలేడండీ, నిలబడి కూసే మనిషి."

సాయంత్రం దాకా ఒకరినొకరు పొగుడుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తాయారు జన్మలో అంత మర్యాద చూడలేదు. నెలరోజులయ్యేసరికి ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండిపోయేది.

కొత్త పెద్ద వచ్చేదాకా పాత పెద్దే ఆపద్ధర్మ పెద్ద. కాబట్టి పుండరీకానికి తొందరేముంది? తాయారు అతని దగ్గరికెళ్ళి గట్టు సంగతి అడిగింది.

"చెల్లెమ్మా, నీ బాధ నాకు తెలీదా? కానీ నేను ఆపద్ధర్మంలో ఉన్నాను. కొత్త పనులు మొదలుపెట్టే అధికారం లేదు" అన్నాడు, సీమపనసకాయ నములుతూ. ఆ పనసకాయలు దీవి ఉమ్మడి కొట్టులోవి. తినే అధికారం పాతదేనట.

గాంగేయులు దగ్గరికెళ్ళింది. "అన్నయ్యా, పున్నమి వస్తోంది. పోటు ఈసారి గుంటలోకి వచ్చేస్తుంది. ఒక్కసారి నువ్వే ఆల్చిప్పలో కూర్చోరాదూ?"

"నేను కూర్చుంటే ఆ పంది మళ్ళీ గెలుస్తాడమ్మా!"

"గెలిస్తే గెలవనీ. గట్టు పడుతుంది కదా."

గాంగేయులు ఆవిణ్ణి వింతగా చూశాడు. "గట్టుకోసమా మనం ఎన్నికల్లో నిలబడింది?" అన్నాడు.  తాయారు అందుకోసమే నిలబడింది.

ఆ వారమే అలలు గుంట అంచు దాటాయి. ఎక్కువేం కాదు, దోసెడు దోసెడు వచ్చి పోయాయి. మర్నాటికి ఏడుగురిలో చిన్నది, బుడ్డది, మెడ వాల్చేసింది. తాయారు దాన్ని రెక్క కింద పెట్టుకుని, ఆకుల మీద పొద్దుటి మంచు ఏరి ఏరి దాని నోట్లో పోసింది. మధ్యాహ్నానికి అది కళ్ళు తెరిచింది. తాయారు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, తిన్నగా శకునాచారి దగ్గరికెళ్ళింది.

"ఆచారి గారూ, ఆల్చిప్పలో కూర్చున్నవాళ్ళు ఏమేం చెయ్యొచ్చు?"

ఆచారి ఉబ్బిపోయాడు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "ఏం చెయ్యకూడదో అడగమ్మా, తొందరగా అయిపోతుంది. ఓటెయ్యకూడదు. మిగతావన్నీ వాళ్ళ ఇష్టం. ఆల్చిప్ప ఎక్కడుంటే సభ అక్కడ. వాళ్ళు 'సభ చాలించాం' అనకముందు లేచిపోయినవాళ్ళ సీటు పోతుంది."

"ఆ రూలు ఎవరు పెట్టారండీ?"

"పుండరీకం గారే. క్రితంసారి గాంగేయులు గారు అలిగి లేచిపోతుంటే పెట్టారు. పుండరీకం గారికి ముందుచూపు ఎక్కువ."

"మరి అధ్యక్షుణ్ణి దింపాలంటే?"

"వాళ్ళ బదులు కూర్చోడానికి ఇంకొకళ్ళు ఒప్పుకోవాలి." ఆచారి టకటకమని నాలుక చప్పరించాడు. బల్లి పలికిందంటే నిజమేనన్నమాట.

మర్నాడు సభలో తాయారు లేచి, ఎవర్నీ అడక్కుండా, ఒక్క గంతేసి ఆల్చిప్పలో కూర్చుంది.

గాంగేయులు డెక్కలు కొట్టుకుని గోల పెట్టాడు. "ఓసి నీ తెలివి తెల్లారిపోనూ! నన్ను ఒంటరివాణ్ణి చేశావు కదమ్మా!"

పుండరీకం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆనందంతో. "చెల్లెమ్మా, నువ్వు దేవతవి. నీ గట్టు నా మొదటి పని. నా కోరల మీద ఒట్టు." అతనికి ఇద్దరి ఓట్లు, గాంగేయులుకి ఒక్క ఓటు. పుండరీకం మళ్ళీ పెద్దయ్యాడు. కుక్కుటేశ్వర్రావు దీవంతా వినపడేలా కూశాడు.

"మరి గట్టండీ?" అంది తాయారు.

"మర్చిపోతానా? పున్నమి పోటు వెళ్ళిపోనీ. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో కొలిచి, దాన్నిబట్టి గట్టు ఎత్తు ఎంతుండాలో పరిశీలించి..."

"పోటు వెళ్ళాకా?"

"తొందరపడి కడితే ప్రజాధనం వృథా చెల్లెమ్మా!"

తాయారు ఆ కోరల వంకే చూస్తూ అంది.  "అలాగే అన్నయ్య గారూ. పరిశీలనే చేద్దాం. ఎల్లుండి పున్నమి సభ గుంట దగ్గర, ఆ ఇసుక దిబ్బ మీద పెడతాను. భోజనాలు కూడా అక్కడే."

భోజనాలనేసరికి ఎవరూ కాదనలేదు. పున్నమి పొద్దున పుండరీకం స్వయంగా ఆల్చిప్పను మూతితో దొర్లించుకుంటూ తెచ్చాడు. గాంగేయులు అడ్డొచ్చిన మట్టలు పక్కకి తీశాడు. కుక్కుటేశ్వర్రావు ముందు నడుస్తూ దారి ఇమ్మని అరిచాడు, దారిలో ఎవరూ లేకపోయినా. దీవి జనమంతా కొండ మీదికెక్కి వేడుక చూశారు. తాయారు ఆల్చిప్పలో కూర్చుని సభ మొదలైందంది.

తిన్నారు. ఆవలించారు. పరిశీలన బాగుందని పుండరీకం అన్నాడు. "ఇక చాలిద్దామా?"

"ఇంకా పరిశీలించాలి" అంది తాయారు.

మధ్యాహ్నం తిరిగింది. పోటు మొదలైంది. మొదటి అల వచ్చి కుక్కుటేశ్వర్రావు గోళ్ళు తడిపింది.

"అధ్యక్షా! నీళ్ళండీ!"

"చూస్తున్నాను. గుమాస్తా గారూ, నీళ్ళు వచ్చాయని రాసుకోండి."

రెండో అల పుండరీకం కడుపు తాకింది. "చెల్లెమ్మా, సభ చాలించమ్మా!"

"ఎంతదాకా వస్తాయో తెలియాలి కదండీ. మీరే అన్నారు."

పుండరీకం శకునాచారి వైపు చూశాడు. ఆచారి అప్పటికే ఓ కొబ్బరిచెట్టు ఎక్కేశాడు. గుమాస్తాకి సీటు పోయే భయం లేదు. పైనుంచి చదివాడు: "లేచిపోయినవాళ్ళ సీటు పోవును. ఇట్లు, పుండరీకం."

"అయితే దీన్ని దింపుదాం!" పుండరీకం అరిచాడు.

"దింపండి" అంది తాయారు, మునిగిన చిప్పకి సరిగ్గా పైన తేలుతూ. "నా బదులు ఎవరు కూర్చుంటారు?"

ఏమైందనుకున్నారు? పెరుగుతున్న నీళ్ళలో ఆ ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"గాంగేయులు బావగారూ... మీలాంటి పెద్దలు..."

"అబ్బే, మీ ముందు నేనెంత..."

"ఒంటికి పట్టదండీ నాకు..."

"నాకసలే నడుంనొప్పి..."

ఒక అల వచ్చి ముగ్గురి నోళ్ళూ మూయించింది. తాయారుకి నవ్వొచ్చింది. కానీ పోటు ఇంకాస్త పెరిగితే గుంట పోతుంది. వీళ్ళు మునిగైనా చస్తారు గానీ ఆ చిప్ప ఎక్కరా ఏమిటి? పంతానికి పోయి తనే పిల్లల మీదికి తెచ్చిందా? వెనక్కి తిరిగి గుంట వైపు చూసింది. ఏడు చిన్న తలలు గుంట అవతలి ఒడ్డున వరసగా ఉన్నాయి.

అప్పుడు పుండరీకం ముక్కులోకి నీళ్ళు పోయాయి.

"తీర్మానం!" అని రంకె వేశాడు. "ఇక్కడ గట్టు! ఇప్పుడే! ఈ క్షణమే!"

"బలపరుస్తున్నాను!" అన్నాడు గాంగేయులు. పన్నెండేళ్ళలో మొదటిసారి.

"ఓట్లు?"

మూడు. వ్యతిరేకం లేదు. ఆచారి చెట్టుమీదినుంచి టకటకమన్నాడు.

ఇహ చూడాలి పని! పుండరీకం మూతితో ఇసుక తోడుతుంటే గోతులు పడ్డాయి. గాంగేయులు పగడపు రాళ్ళు డెక్కలతో ఎత్తి ఎత్తి పేర్చాడు, నడుంనొప్పి ఏమైందో మరి. కుక్కుటేశ్వర్రావు జనాన్ని కేకేశాడు. తీర్మానమైందని తెలిసేసరికి కొండ మీది జనమంతా మట్టలూ, డిప్పలూ పట్టుకుని దిగబడ్డారు. రెండేళ్ళుగా ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నవాళ్ళు. పొద్దు వాలకముందే సభకీ సముద్రానికీ మధ్య గట్టు లేచింది. సభకి వెనకే గుంట. పున్నమి పోటు గట్టును గుద్దుకుని, గుద్దుకుని, తిరిగిపోయింది.

"సభ చాలించాం" అంది తాయారు.  దిగి వెళ్ళి గుంట నీళ్ళు ముక్కుతో రుచి చూసింది. తియ్యగా ఉన్నాయి. బుడ్డది వచ్చి ఆవిడ మెడకింద దూరింది.

మర్నాడు గట్టుకి పుండరీకం పేరు పెట్టారు. ప్రారంభోత్సవంలో అతను, "ఈ గట్టు నా చిరకాల స్వప్నం" అన్నాడు. తాయారు పిల్లల్ని గుంటలో ఈతకి దింపింది. పేరు ఎవరిదైతే ఏం, నీళ్ళు తియ్యగా ఉన్నాయి కదా.

ఆ సాయంత్రమే సభలో ఇంకో తీర్మానం వచ్చింది: ఇకమీదట ఆల్చిప్ప కొండ శిఖరం మీదే ఉండాలి, అక్కణ్ణుంచి అంగుళం కదపరాదు. పుండరీకం ప్రతిపాదించాడు. గాంగేయులు బలపరిచాడు. ముగ్గురూ చేతులెత్తారు. రెండు నీడలూ ఏకమైపోయాయి. తాయారుకి ఓటు లేదు.

ఇక నీతి ఏమంటారా? నాయకుల్ని గౌరవించాలనిపిస్తే ఎత్తుపీట వెయ్యకండి, నీళ్ళొచ్చే చోట పీట వెయ్యండి.