ఐరిష్ కాఫీ రెండు గ్లాసులు

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి గంగాధరప్ప ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. అనంతపురం వెళ్లి, బెంగళూరు నుంచి వస్తున్న జ్యోతిలక్ష్మి అనే ఆవిడకు పెళ్లిచీరలు చూపించి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. కలుసుకునే చోటు ఆవిడే చెప్పింది: హైవే పక్కన కొత్తగా తెరిచిన ఐరిష్ పబ్బు. కారు పెట్టుకోవడానికి చోటుంది, ఏసీ కూడా ఉందట. పబ్బు అనేసరికి గంగాధరప్పకు గుండెల్లో రాయి పడింది. ఆయన తమ పేటలో మద్యపాన వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడు. కానీ బేరం పెద్దది. ఎండకు కప్పుకున్నట్టు తలమీద తువ్వాలు కప్పుకుని లోపలికి నడిచాడు.

లోపల పచ్చరంగు గోడలు, చెక్క పీపాలు, అలమారు నిండా ముదురురంగు సీసాలు. వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు. సర్వర్ రాజేంద్ర ఇచ్చిన మెనూలో ఆయనకు నమ్మకం కుదిరిన మాట ఒక్కటే, కాఫీ. ఐరిష్ కాఫీ అన్నది చెప్పాడు. పైన మీగడ తేలుతూ పొడుగాటి గ్లాసులో వచ్చింది. రుచి కుదిరి ఇంకొకటి తెప్పించుకున్నాడు.

అది ముగిసే వేళకు జ్యోతిలక్ష్మి వచ్చింది. గ్లాసు చూసి నవ్వి, “పొద్దున్నే విస్కీ మొదలుపెట్టారా సార్?” అంది. ఐరిష్ కాఫీ అంటేనే విస్కీ కలిపిన కాఫీ అని విడమరిచి చెప్పింది.

అంతవరకు నిటారుగా కూర్చున్న మనిషి మెల్లగా ఎడమకు ఒరిగాడు. గోడలు తిరిగాయి. నాలుక మందమైంది. చీరల మూటకు రెండు ముడులు కనిపించి, లేనిదాన్ని విప్పబోయాడు. “నాకు ఎక్కిందమ్మా,” అన్నాడు నీరసంగా.

భార్య దగ్గర దాచడం తప్పనిపించి ఫోన్ చేశాడు. “రామాంజీ, నేను తాగినా. పబ్బులో ఉండా.”

రామాంజినమ్మ ఫోన్ పెట్టేసి ఎదురంగడికి పరుగెత్తింది. అదీ పట్టుచీరల అంగడే, మరిది నరసింహప్పది. ఒక పెళ్లిలో అన్న నేయించిన చీరను తమ్ముడు అందరి ముందూ మట్టిరంగు అన్నప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అయినా చేతికందే దూరంలో కారున్నది ఆయనకే.

ఈలోగా గంగాధరప్ప, తాగినవాళ్లు చేస్తారని తాను సభల్లో చెప్పేవన్నీ ఒక్కొక్కటే చేశాడు. గోబీ మంచూరియా తింటున్న కుటుంబం దగ్గర నిలబడి, తనను చూసి బుద్ధి తెచ్చుకొమ్మని ఏడ్చాడు. తాగినవాడు నిజం దాచడు కాబట్టి, జ్యోతిలక్ష్మి ముందే ఫోన్‌లో చూసి ముచ్చటపడిన చీర మరమగ్గం సరుకని, కొనవద్దని చెప్పాడు. మంచి చీర కావాలంటే తమ్ముడి అంగడికి పొమ్మన్నాడు. ఆవిడ నిమ్మరసం తెప్పిస్తే, అందులోనూ విస్కీ ఉంటుందని తాకలేదు.

నరసింహప్ప మజ్జిగ క్యానుతో వచ్చాడు. గంగాధరప్ప ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నీమీద కోపం యాడిదిరా నాకు. నీ చీరలు నా చీరల కంటే బాగుండాయి. అదీ నా బాధ.”

నరసింహప్ప కళ్లు తుడుచుకున్నాడు. “తాగినప్పుడైనా చెప్పినావు. సాలులేన్నా.”

అప్పటికే బల్లలన్నీ ఇటు తిరిగాయి. హోటలు పరువు పోతుందని రాజేంద్ర అడ్డొచ్చాడు. “ఈడ ఎవురూ తాగలేదన్నా. మాకింకా లైసెన్సే రాలేదు. ఆ సీసాల్లో ఉండేది నన్నారి షర్బత్తు. ఈయన తాగింది వట్టి కాఫీ.”

గోడలు టక్కున ఆగిపోయాయి. మూటకు ఒక్క ముడే మిగిలింది. గంగాధరప్ప నిటారుగా కూర్చున్నాడు.

“అంటే, ఇంతసేపూ తెలివిలో ఉండే చెప్పినావా?” అని అడిగాడు నరసింహప్ప.

గంగాధరప్ప సీసాల వంక చూశాడు, తలుపు వంక చూశాడు. తాగి వాగానని తప్పించుకునే దారి ఎటూ లేదు. “తెలివిలోనే,” అన్నాడు. మాట బయటపడ్డాక గుండె తేలికైనట్టుంది. తమ్ముడు తెచ్చిన మజ్జిగ ఇద్దరూ తాగి, ఒకే కారులో బయలుదేరారు. జ్యోతిలక్ష్మి కారు వెనకే వచ్చి నరసింహప్ప అంగడి ముందు ఆగింది.

మర్నాడు ఆ అంగడికి కొత్త బోర్డు వెలిసింది: ‘మా చీరలే మేలని ఎదురంగడి అన్నే చెప్పినాడు.’