వాడినవాళ్ల అభిప్రాయం

విదేశీ సరుకు వల్ల తన రాష్ట్రంలో ఒక్క కార్మికుడి కంట కూడా తడి చేరనివ్వనని సెనేటర్ ఎల్డన్ ప్రూయిట్ గారు ప్రకటించారు. ఇండియానాలో, సొంత ఊరు మిల్‌బర్గ్‌లో, మూతపడ్డ శవపేటికల ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి మరీ చెప్పారు. ఆడిన మాట తప్పే మనిషి కాదాయన. కళ్లు తుడుచుకోవడానికి తన పేరు అచ్చేసిన చేతిరుమాళ్లు అందరికీ అక్కడికక్కడే పంచిపెట్టించారు.

వెర్నన్ స్టౌట్‌కీ ఒకటి దక్కింది. పెళ్లికి ముందునుంచీ ఆ ఫ్యాక్టరీలో పేటికలకు పాలిష్ పెట్టినవాడు. చవక పేటికలు ఓడల్లో దిగాక ఆ పని పోయింది. దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకిచ్చే ప్రభుత్వ సాయం మంజూరైతే ఏసీ రిపేరు కోర్సు చదవొచ్చు, చదివినన్నాళ్లూ భత్యం వస్తుంది. మంజూరు కాకపోతే పని వెతుక్కుంటూ ఊరొదలాలి. భార్య డోలరెస్‌కి డయాలసిస్ ఈ ఊళ్లోనే. ఆమెను వదిలి ఎక్కడికని పోతాడు?

అర్హత తేల్చడానికి రాజధాని నుంచి పింక్నీ అనే అధికారి దిగాడు. అంతటి నిష్పక్షపాతిని మిల్‌బర్గ్ ఎన్నడూ చూసి ఎరగదు. కార్మికులు కాఫీ ఇస్తే ముట్టలేదు. కాఫీ గింజలు దిగుమతి సరుకు, తాగితే తీర్పు ఒకవైపు మొగ్గుతుందట.

రూలు ప్రకారం, వాడకందార్లు దేశీ సరుకు మాని విదేశీ సరుకుకు మారారని రుజువు కావాలి.

"అంత్యక్రియల కంపెనీలను అడగండి సార్. కొనేది వాళ్లే," అన్నాడు వెర్నన్.

"వాళ్లు మధ్యవర్తులు. చివరికి వాడేది ఎవరు?"

వెర్నన్ కాస్త ఆలోచించాడు. "చచ్చినవాళ్లు సార్."

"వాళ్ల చిరునామాలు ఇప్పించండి."

ఊరికి ఉన్నది ఒకటే శ్మశానం కనుక అదేం కష్టం కాలేదు. ప్రశ్నపత్రాలు వెళ్లాయి. ఒక్కరంటే ఒక్కరు జవాబిస్తే ఒట్టు. జనంలో పౌరబాధ్యత ఇంతగా దిగజారిందా అని పింక్నీ నొచ్చుకుని, గడువు కూడా పొడిగించాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

"ఏమంటాడు?" అని అడిగింది డోలరెస్.

"కొత్తగా ఎవరైనా పోతే చూద్దామంటున్నాడు."

"నేనే పోతే సరి. నీ పని అయిపోతుంది," అని నవ్విందామె.

వెర్నన్ నవ్వలేదు. ఆ మాటకి వాడి ప్రాణం చివుక్కుమంది. ఇంకోసారి అలా అన్నావంటే ఊరుకోనని కసిరి, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

సెనేటర్ గారు ఎంత ప్రజల మనిషంటే, ఆ వారమే పోయారు. పార్టీ విందులో "చివరగా ఒక్క మాట" అంటూ ఒరిగిపోయారు. కార్మికబంధువును కార్మికులే మోస్తే బాగుంటుందని, టీవీలో ఇంకా బాగుంటుందని పార్టీవాళ్లు వెర్నన్‌నీ మరో ఐదుగురినీ పిలిపించారు. కూలి ఏమీ లేదు. పింక్నీ కూడా వస్తాడని తెలిసి వెర్నన్ సరేనన్నాడు.

పేటిక మీద జెండా కప్పారు. కానీ సమాధి దగ్గరికి వచ్చేసరికి వెర్నన్ పట్టుకున్న పిడి ఊడి చేతికొచ్చింది. దాని అడుగున, ఆ పేటిక తయారై ఓడెక్కిన పరాయి దేశం పేరు అచ్చొత్తి ఉంది. పేటిక పక్కకు ఒరగబోతే ఆరుగురూ భుజాల మీదికి ఎత్తుకున్నారు. వెర్నన్ ఆ పిడిని గొడుగు కింద నిలబడ్డ పింక్నీకి అందించి, రెండు చేతులూ పేటిక కిందికి ఇచ్చాడు.

"చూడండి సార్. మా కోసం మాటిచ్చిన పెద్దమనిషే పరాయి పెట్టెలో పోతున్నాడు. ఇంకేం రుజువు కావాలి?"

పింక్నీ ఆ పేరు చదివాడు. మళ్లీ చదివాడు. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనని ఒప్పుకున్నాడు. వెర్నన్ గుండె ఎగిరి గంతేసింది.

"అయితే ఒక్క సందేహం," అన్నాడు పింక్నీ. "మీ భుజం మీద ఉన్నదేమిటి?"

"శవపేటిక సార్."

"ఏం చేస్తున్నారు దాన్ని?"

"మోస్తున్నాం."

కరచాలనం చేద్దామంటే వెర్నన్ చేతులు ఖాళీ లేవు. అందుకని పింక్నీ ఖాళీగా ఉన్న భుజం ఆప్యాయంగా తట్టాడు. "అభినందనలు. ఆరుగురికీ మళ్లీ శవపేటికల రంగంలోనే పని దొరికిందన్నమాట. ఈ సాయం పని లేనివాళ్లది కదా!"

వెనకనుంచి పార్టీ మనిషి ఆగకండయ్యా, కెమెరాలున్నాయి అని గొణిగాడు. వెర్నన్ అడుగు వేశాడు. కళ్లు మసకబారి దారి కనిపించలేదు. సెనేటర్ గారిచ్చిన చేతిరుమాలు జేబులోనే ఉంది.